గ్లేసియర్ పార్కులో పిల్లలూ పెద్దవాళ్లతో నడిచేటప్పుడు గ్రిజ్లీల విషయంలో ఏం చేయాలి, ఏం చేయకూడదు

మీరు అడిగింది ఇదీ: ఆగస్టు రెండో వారంలో మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్కుకు ఎనిమిది మంది వెళ్తున్నారు. అందులో ఏడేళ్లు, పదేళ్ల పిల్లలిద్దరు, హైదరాబాద్ నుంచి వచ్చిన అమ్మానాన్న. ఐస్‌బర్గ్ లేక్, హైలైన్ ట్రయిళ్లు నడవాలని ఉంది, రెండు రాత్రులు టెంటులో ఉంటారు. బేర్ స్ప్రే (ఎలుగు మీదికొస్తే చిమ్మే మిరప మందు డబ్బా) ఒకటి కొంటే చాలా? బూట్లకు గంటలు కట్టుకోవాలా? ఎలుగు ఎదురైతే చచ్చినట్టు పడుకోవాలా, తిరగబడాలా?

ముందు చిన్న జవాబులు. స్ప్రే ఒకటి చాలదు, మీ గుంపుకు కనీసం మూడు కావాలి. గంటలు దండగ. పడుకోవడమా, తిరగబడడమా అన్నది ఆ ఎలుగు మీ మీదికి ఎందుకు వచ్చిందన్నదాన్ని బట్టి ఉంటుంది, అది కింద వివరంగా రాస్తాను. అయితే ఈ మూడింట్లో మొదటిదీ చివరిదీ ఎలుగు ఎదురయ్యాక సంగతులు. మీ భద్రతలో ఎక్కువ భాగం అంతకు ముందే తేలిపోతుంది. మీరు వస్తున్నట్టు ఎలుగుకు దూరం నుంచే తెలియాలి. తెలిస్తే చాలాసార్లు అదే తప్పుకుంటుంది, అది అక్కడ ఉన్న సంగతి కూడా మీకు తెలియదు.

మనవాళ్లకు ఎలుగుబంటి అంటే శ్రీకాకుళం ఉద్దానం జీడితోటల్లో తిరిగే నల్ల ఎలుగు గుర్తుకొస్తుంది. గ్రిజ్లీ అంటే ఉత్తర అమెరికాలోని గోధుమ ఎలుగు, దానికన్నా చాలా పెద్దది. రాకీ పర్వతాల్లో ఆడది సుమారు 90 నుంచి 180 కిలోలు, మగది 300 కిలోల దాకా తూగుతుంది. పరిగెడితే గంటకు 35 మైళ్లు, అంటే సెకనుకు 15 మీటర్లు. కానీ మనిషి మీద పడే కారణం మాత్రం రెండింటికీ ఎక్కువగా ఒకటే: దగ్గరకొచ్చేదాకా మనిషిని చూడకపోవడం. గ్లేసియర్‌లో సుమారు 300 గ్రిజ్లీలు ఉన్నాయి, అమెరికా నల్ల ఎలుగులు (మన ఉద్దానం ఎలుగు కాదు, వేరే జాతి) అంతకన్నా ఎక్కువ. ఏటా 30 లక్షల మంది దాకా వచ్చే చోట దాడులు అరుదే. ఆ జరిగిన కొద్దివాటిలో మళ్లీ మళ్లీ కనిపించే పరిస్థితులు మూడే. మలుపు తిరగ్గానే అతి దగ్గర్లో ఎదురుపడడం, అందులోనూ పిల్లలతో ఉన్న తల్లికి. చచ్చిన జంతువును కాపలా కాసుకుంటున్న ఎలుగు దగ్గరికి తెలియక వెళ్లడం. మనిషి తిండి రుచి మరిగిన ఎలుగు.

మూడోదాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, అందుకే ఒక చరిత్ర చెప్పాలి. 1910లో పార్కు ఏర్పడింది మొదలు 1967 ఆగస్టు దాకా అక్కడ ఎలుగు చేతిలో ఒక్కరూ చనిపోలేదు. ఆ నెల 12, 13 తేదీల మధ్య ఒకే రాత్రి, మైళ్ల దూరంలో ఉన్న రెండు వేర్వేరు చోట్ల, రెండు వేర్వేరు గ్రిజ్లీలు టెంటు లేకుండా స్లీపింగ్ బ్యాగుల్లో పడుకున్న ఇద్దరు యువతులను చంపాయి. గ్రానైట్ పార్క్ దగ్గర వసతి గృహం నుంచి పారేసే చెత్త తినడానికి గ్రిజ్లీలు రోజూ రాత్రి వచ్చేవి, జనం వాటిని వేడుకగా చూసేవారు. రెండో చోటు ట్రౌట్ లేక్. అక్కడి ఎలుగు ఆ వేసవంతా క్యాంపుల మీద పడి తిండి లాక్కుంటూనే ఉంది. ఈరోజు తిండి విషయంలో రేంజర్లు అంత కఠినంగా ఉండడానికి మూలం ఆ రాత్రే. మీరు పొరపాటున వదిలేసిన అన్నం మెతుకుల వల్ల మీకేమీ కాకపోవచ్చు, రెండు వారాల తర్వాత అదే చోట పడుకునే మరొక కుటుంబానికి అవుతుంది. ఆ తర్వాత ఆ మెతుకుల రుచి మరిగిన ఎలుగునూ చంపేస్తారు.

ఇప్పుడు నేల సంగతి. ఆగస్టులో గ్లేసియర్ అంటే హకల్‌బెర్రీ కాలం. మోకాలి నుంచి నడుము ఎత్తు దాకా ఉండే పొదలు, చిన్న ఊదారంగు పళ్లు. చలికాలం నిద్రకు కొవ్వు పోగేసుకునే తొందర ఈ రోజుల్లోనే మొదలవుతుంది, ఎలుగు తల వంచి గంటల తరబడి అవే తింటూ ఉంటుంది. ఆ తినే ధ్యాసలో దానికి మీ అడుగుల చప్పుడు వినపడదు. ఐస్‌బర్గ్ లేక్ దారి మొదట్లో కాస్త నిటారు ఎక్కుడు అయ్యాక ఎండ తగిలే వాలు మీదుగా సాగుతుంది, రెండు పక్కలా పొదలు, ఎత్తైన గడ్డీ గాదం. గ్రిజ్లీలు బాగా తిరిగే ట్రయిళ్లలో అదొకటి, రేంజర్లు దాన్ని తరచూ మూసేస్తుంటారు కూడా. కాబట్టి వెళ్లే రోజు పొద్దున్నే మెనీ గ్లేసియర్ రేంజర్ స్టేషన్‌లోనో, పార్కు వెబ్‌సైట్‌లోనో చూసుకోండి. ట్రయిల్ మొదట్లో కట్టే బోర్డులు రెండు రకాలు. ఒకటి ఈ మధ్య ఎలుగు కనిపించింది జాగ్రత్త అని చెప్పేది, రెండోది పూర్తిగా మూసేశాం అనేది. మొదటిది చూసి పిల్లలతో వెళ్లాలా వద్దా అనేది మీ ఇష్టం. నా సలహా అడిగితే ఆ రోజుకు మరో ట్రయిల్ చూసుకోమంటాను. రెండోది దాటితే నేరం.

నడిచేటప్పుడు నాలుగు చోట్ల గట్టిగా అరవాలి: ముందు ఏముందో కనపడని మలుపు, మిట్ట ఎక్కి అవతలికి దిగబోయే చోటు, దట్టమైన పొదల మధ్య దారి, వాగు పక్క. వాగు హోరులో మామూలు మాటలు పది అడుగులు కూడా పోవు. ఎదురుగాలి వీస్తుంటే ఇంకా జాగ్రత్త. మీ వాసన వెనక్కి కొట్టుకుపోతుంది, ఎలుగుకు మీరు వస్తున్నట్టు ముక్కు చెప్పదు, చెవే చెప్పాలి. ఎలా అరవాలంటే గొంతు బరువుగా, కడుపులోంచి, దీర్ఘంగా. అక్కడివాళ్లు ‘హే బేర్’ అంటారు. మీరు ‘ఓహోయ్’ అన్నా, పిల్లల చేత పాట పాడించినా ఫలితం ఒకటే, మనిషి గొంతు అని తెలిస్తే చాలు. చప్పట్లు కూడా పనికొస్తాయి. గంటలు ఎందుకు వద్దంటే వాటి చప్పుడు సన్నం, దగ్గరికొస్తే గాని వినపడదు, విన్నా మనిషి అని ఎలుగుకు అనిపించదు. పైగా గంట కట్టుకున్నాం కదా అని నోరు మూసుకుని నడుస్తారు, అసలు నష్టం అది. ఫోన్ స్పీకర్లో పాటలు పెట్టుకోవడం కూడా వద్దు. ముందు పొదల్లో కొమ్మ విరిగిన చప్పుడు మీకు వినపడాలి కదా. అదే కారణంగా చెవుల్లో ఇయర్‌ఫోన్లు అసలే వద్దు.

దారిలో మూడు గుర్తులు కనిపెట్టుకోండి. తాజా పెంట: హకల్‌బెర్రీ కాలంలో ఊదా నలుపు రంగులో, అరగని తొక్కలతో కుప్పగా ఉంటుంది. తడిగా మెరుస్తుంటే ఎలుగు కాసేపటి క్రితమే వెళ్లిందని అర్థం. తవ్విన నేల: కొండ పచ్చికలో దుంపల కోసం, నేల ఉడుతల కోసం గ్రిజ్లీ పార పెట్టి దున్నినట్టు తవ్వుతుంది. మూడోది అన్నిటికన్నా ప్రమాదం: కుళ్లు వాసన, లేదా ఒకే చోట గుమిగూడి అరుస్తున్న కాకులు. దగ్గర్లో కళేబరం ఉందన్నమాట, దాని మీద ఎలుగు ఉండొచ్చు. అప్పుడు ముందుకెళ్లి చూద్దామనే ఆలోచనే వద్దు. వచ్చిన దారినే వెనక్కి వెళ్లి రేంజర్లకు చెప్పండి.

ఎనిమిది మంది ఉండడం మీకు పెద్ద బలం, కలిసి ఉంటేనే. యెల్లోస్టోన్‌లో 1970 తర్వాత ఎలుగుల వల్ల గాయపడినవాళ్లలో 91 శాతం ఒంటరిగా గాని, ఒక్క తోడుతో గాని నడుస్తున్నవాళ్లే. కెనడాలో బాన్ఫ్ పార్కువాళ్లు లేక్ లూయీజ్, మొరెయిన్ లేక్ చుట్టుపక్కల కొన్ని ట్రయిళ్ల మీద కొన్ని కాలాల్లో నలుగురికి తక్కువైతే నడవనివ్వరు, నలుగురూ దగ్గర దగ్గరగా ఉండాలని చట్టమే పెట్టారు. మన కుటుంబాల్లో జరిగేదేమిటంటే ఎనిమిది మందీ కలిసే బయల్దేరతారు. అరగంటకు కుర్రాళ్లు ఫర్లాంగు ముందుంటారు, నాన్నగారు వెనక ఒక రాయి మీద కూర్చుని ఉంటారు, మధ్యలో ఒకరు ఫోటోల దగ్గర ఆగిపోతారు. అది ఇక ఎనిమిది మంది గుంపు కాదు, విడివిడిగా నడుస్తున్న ఎనిమిది మంది. అందుకని వేగం అమ్మానాన్నల నడకను బట్టి పెట్టుకోండి. ముందు స్ప్రే ఉన్న ఒక పెద్ద మనిషి, చివర స్ప్రే ఉన్న మరొకరు, పిల్లలు మధ్యలో, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో. ఏడేళ్ల పిల్లవాడు మలుపు దగ్గర ముందుకు ఉరకడం మొత్తం ప్రయాణంలో మీరు అన్నిటికన్నా గట్టిగా ఆపాల్సిన పని. చిన్న ఒడ్డూ పొడుగూ, హఠాత్తుగా ఉరుకు, సన్నని అరుపు: ఈ మూడూ కలిసి ఎలుగును రెచ్చగొట్టగలవు. పెద్దవాళ్లు అలసి సగం దారిలో వెనక్కి తిరిగితే ఇద్దరినే పంపేయకండి. చీలితే అటూ ఇటూ కనీసం ముగ్గురు, రెండు గుంపుల్లోనూ స్ప్రే. మూడు డబ్బాలు అన్నది అందుకే, నాలుగుంటే ఇంకా నయం.

పరుగు గురించి అడగకపోయినా చెప్తున్నాను, ఎందుకంటే మీలో జాగింగ్ అలవాటున్నవాళ్లు ఉండే ఉంటారు. గ్లేసియర్ ట్రయిళ్ల మీద పరుగు వద్దని పార్కు చెప్తుంది. వేగంగా, చప్పుడు లేకుండా వచ్చేవాడు ఎలుగుకు ఆలోచించే వ్యవధి ఇవ్వడు. 2016 జూన్‌లో పార్కు సరిహద్దుకు కాస్త బయట సైకిల్ మీద అడవి దారిలో వెళ్తున్న ఒకాయన మలుపులో గ్రిజ్లీని ఢీకొట్టి ప్రాణం పోగొట్టుకున్నాడు. అలాగే తెల్లవారుజామున, మసక చీకట్లో, రాత్రి నడక వద్దు. పార్కింగ్ దొరకదని చీకటితోనే బయల్దేరేవాళ్లు చాలామంది. చీకట్లో వెళ్లి కారు పెట్టుకోండి, వెలుగొచ్చాక నడక మొదలుపెట్టండి.

ఇక స్ప్రే. ఇది ఆత్మరక్షణకు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకునే పెప్పర్ స్ప్రే కాదు, అది పనికిరాదు. డబ్బా మీద బేర్ స్ప్రే అని, అమెరికా పర్యావరణ సంస్థ ఇపిఎ రిజిస్ట్రేషన్ నంబరుతో ఉండాలి. మిరపలోని ఘాటు పదార్థాలు 1 నుంచి 2 శాతం, నికరంగా కనీసం 7.9 ఔన్సులు అంటే 225 గ్రాములు, కనీసం 25 అడుగుల దూరం, కనీసం 6 సెకన్ల పాటు చిమ్మాలి. ఎక్స్‌పైరీ తేదీ చూడండి, సుమారు మూడు నాలుగేళ్లు ఉంటుంది. పాతబడితే లోపలి గ్యాసు తగ్గి దూరం పోదు, అందుకే స్నేహితుల గ్యారేజీలో ఎప్పటినుంచో పడి ఉన్న డబ్బా అరువు తీసుకోకండి. ధర నలభై యాభై డాలర్లు ఉంటుంది, పార్కు దగ్గర అద్దెకిచ్చే షాపులు కూడా ఉన్నాయి. విమానంలో చేతి సంచీలోనూ, చెక్-ఇన్ సామానులోనూ రెండింట్లోనూ నిషేధం, కనుక అక్కడికి వెళ్లాకే తీసుకోవాలి.

పనిచేస్తుందా అంటే, అలాస్కాలో 1985 నుంచి 2006 దాకా స్ప్రే వాడిన 83 సంఘటనలను పరిశోధకులు పరిశీలించారు. గ్రిజ్లీ జాతి ఎలుగుల మీద వాడినప్పుడు 92 శాతం సార్లు అవి చేస్తున్న పని ఆపేశాయి. దగ్గర్లో ఎలుగును ఎదుర్కొని స్ప్రే దగ్గరున్నవాళ్లలో 98 శాతం మందికి గాయాలు లేవు, తగిలినవాళ్లవి కూడా చిన్నవి. నిజం చెప్పాలంటే స్ప్రే విఫలమయ్యే సందర్భాల్లో తప్పు మందుది కాదు, అది ఉన్న చోటుది. పైన చెప్పిన వేగాన్ని గుర్తుచేసుకోండి: 15 మీటర్లు ఒక్క సెకను. బ్యాగు వెనక జేబులో, నీళ్ల సీసా పక్కన, పైన జాకెట్ కుక్కి ఉన్న డబ్బా లేనట్టే లెక్క. నడుము బెల్టుకు ముందు వైపో, బ్యాగు పట్టీకి ఛాతీ మీదో తొడుగులో ఉండాలి, ఒక్క చేత్తో చూడకుండా అందాలి. పొదల మధ్య నడిచేటప్పుడు చేతిలోనే పట్టుకోండి. అమ్మగారు దుపట్టా, పైన స్వెటర్ వేసుకుంటే అవి తొడుగును కప్పేస్తాయి, అది కూడా చూసుకోండి.

కొత్త డబ్బాకు సేఫ్టీ క్లిప్ కదలకుండా ప్లాస్టిక్ టై ఒకటి చుట్టి వస్తుంది. దాన్ని కత్తిరించకుండానే ట్రయిల్ ఎక్కేవాళ్లు ఉన్నారు, ఆ టై ఉంటే ఎంత లాగినా క్లిప్ రాదు. హోటల్లోనే తీసేయండి. తర్వాత వాడే పద్ధతి: ఒక చేత్తో డబ్బా పట్టు, చూపుడు వేలు ముందున్న రింగులో పెట్టి, బొటనవేలితో క్లిప్‌ను తన వైపు తిన్నగా వెనక్కి లాగాలి, పైకి కాదు. క్లిప్ ఊడాక అదే బొటనవేలు మీట మీదికి వస్తుంది. క్లిప్ తీయకుండా, మీట నొక్కకుండా, తొడుగులోంచి తీసి చేయి చాచేదాకా ఒక్కొక్కరూ పది ఇరవై సార్లు సాధన చేయండి. లోపల మిరప లేని సాధన డబ్బాలు కూడా అమ్ముతారు. మీరు కొనే బ్రాండువి దొరికితే ఒకటి కొని ఖాళీ మైదానంలో అందరూ ఒక్కోసారి నొక్కి చూడడం మంచిది. మందు ఎలా మేఘంలా విచ్చుకుంటుందో, గాలికి ఎటు వాలుతుందో ఒక్కసారి చూస్తే మర్చిపోరు.

కొట్టేటప్పుడు ఎలుగు మొహానికి గురిపెట్టడం చాలామంది చేసే తప్పు. ఎలుగు మీదికి వస్తూ 30 నుంచి 60 అడుగుల దూరంలో ఉండగా, దాని ముందు నేలకు కాస్త పైన, కిందికి వంచి కొట్టాలి. మీ ఉద్దేశం దానికీ మీకూ మధ్య ఒక ఘాటు గోడ నిలబెట్టడం, అది ఆ గోడలోకి పరిగెత్తుకొస్తుంది. ఎత్తుగా కొడితే మందు దాని తల మీదుగా పోతుంది. ఒకటి రెండు సెకన్లు కొట్టి ఆపండి, ఇంకా వస్తుంటే మళ్లీ కొట్టండి. డబ్బా మొత్తం ఒకేసారి ఖాళీ చేస్తే తిరిగొచ్చినప్పుడు చేతిలో ఏమీ ఉండదు. ఎదురుగాలిలో కొంత మీ మీదికీ వస్తుంది, కళ్లు మండుతాయి, దగ్గు వస్తుంది. అయినా కొట్టాల్సిందే. ఎలుగు వెనక్కి తిరగ్గానే మీరు అక్కడి నుంచి కదలండి, అది కోలుకుంటుంది. మన కళ్లలో పడితే రుద్దకుండా చల్లటి నీళ్లతో చాలాసేపు కడగాలి, కాంటాక్ట్ లెన్సులు తీసేయాలి.

మరో రెండు సంగతులు. దోమల మందులా దాన్ని టెంటు మీదో, పిల్లల బట్టల మీదో ముందే చల్లుకోకూడదు. గాలిలో మేఘంగా ఉన్నప్పుడే అది ఎలుగును ఆపుతుంది, ఆరిపోయాక మిగిలిన వాసన ఎలుగులను పిలుస్తుంది. ఎండలో మూసిన కారులో వదలకండి, 120 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే డబ్బా పేలే ప్రమాదం ఉంది. కారులో పేలితే ఆ కారులో కూర్చోలేరు. కారులో పెట్టాల్సి వస్తే నీడలో, ఖాళీ కూలర్ పెట్టెలో పెట్టండి. రాత్రి టెంటులో మాత్రం చేతికందేలా ఉంచుకోవాలి, పిల్లల చేతికి కాదు.

ఎలుగు కనిపించింది అనుకుందాం. పార్కు నియమం 100 గజాల దూరం. కొలవడానికి ఒక ఉపాయం: చెయ్యి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, బొటనవేలు ఎలుగుకు అడ్డంగా పెట్టండి. ఎలుగు మొత్తం వేలి వెనక దాగితే దూరం ఫర్వాలేదు, పక్కల నుంచి కనిపిస్తే మీరు మరీ దగ్గరగా ఉన్నారు. అది మిమ్మల్ని చూడకుండా తింటుంటే అరవకుండా నెమ్మదిగా వచ్చిన దారినే వెనక్కి పోయి, అది వెళ్లేదాకా ఆగండి. హైలైన్ లాంటి ట్రయిల్ మీద ఒక పక్క బండ గోడ, మరో పక్క లోయ. ఎలుగులు కూడా ఆ దారినే నడుస్తాయి. ఎదురొస్తే దారి మీరే ఇవ్వాలి, వెడల్పు చోటు దొరికేదాకా వెనక్కి నడవాల్సి వచ్చినా సరే. పక్క నుంచి దూరి ముందుకు పోదామని ఎన్నడూ చూడకండి.

దగ్గర్లో ఎదురుపడి, అది మిమ్మల్ని చూస్తుంటే అందరూ ఒక దగ్గరికి చేరండి, పిల్లలను వెనక్కి తీసుకోండి, చిన్నవాణ్ణి చంకనెత్తుకోండి. పరిగెత్తవద్దు. స్ప్రే తీసి క్లిప్ లాగండి. గొంతు నింపాదిగా, తగ్గించి మాట్లాడుతూ, దాని కళ్లలోకి సూటిగా చూడకుండా, అడుగు అడుగు వెనక్కి వేయండి. మీరు కదలగానే అదీ ముందుకొస్తుంటే ఆగిపోండి. వెనక కాళ్ల మీద నిలబడితే భయపడకండి, అది సరిగ్గా చూడడానికి, వాసన పట్టడానికి అలా లేస్తుంది. అసలు హెచ్చరికలు వేరు: దవడలు టకటకా కొట్టడం, బుసలు కొట్టినట్టు ఊపిరి వదలడం, ముందు పంజాతో నేలను చరచడం, చొంగ కార్చడం, చెవులు వెనక్కి మడవడం. దూరంగా పొమ్మని అది చెప్పే మాట అది. చాలాసార్లు గ్రిజ్లీ బెదిరింపుగా దూసుకొచ్చి కొద్ది అడుగుల్లో ఆగి పక్కకు తిరిగిపోతుంది. అది బెదిరింపో నిజమో ఆ క్షణంలో తేల్చుకోవడం ఎవరికీ సాధ్యం కాదు, తేల్చుకోనక్కర్లేదు కూడా. దూసుకొస్తే కదలకుండా నిలబడి స్ప్రే కొట్టడమే. చెట్టెక్కే ఆలోచన వదిలేయండి. పెద్ద గ్రిజ్లీలు కూడా ఎక్కగలవు, పైగా చెట్టు వైపు పరుగే దాన్ని వెంటపడేలా చేస్తుంది.

ఇక పడుకోవడమా, తిరగబడడమా. హఠాత్తుగా ఎదురుపడిన గ్రిజ్లీ, స్ప్రే దాటి వచ్చి మిమ్మల్ని తాకితే, తాకాకే, చచ్చినట్టు పడుకోవాలి. అది తినడానికి కాదు, తన పిల్లలకో తనకో మీ వల్ల వచ్చిన ముప్పును తొలగించుకోవడానికి వచ్చింది. ముప్పు తీరిందనిపిస్తే వెళ్లిపోతుంది. బోర్లా పడుకోవాలి, వెల్లకిలా కాదు. బ్యాగు వీపు మీదే ఉంచాలి, వెన్నెముకకు అదే కవచం. రెండు చేతుల వేళ్లు మెడ వెనక పెనవేసి, మోచేతులు పక్కలకు నేలకు ఆనించాలి. కాళ్లు బాగా ఎడంగా చాపాలి, అలా అయితే తిరగేయడం దానికి కష్టం. తిరగేస్తే ఆ ఊపులోనే దొర్లుతూ మళ్లీ బోర్లా రావాలి. చప్పుడు చేయకూడదు, ఎంత నొప్పైనా తన్నుకోకూడదు. అది వదిలి వెళ్లాక కూడా కొన్ని నిమిషాలు అలాగే ఉండాలి. చాలాసార్లు అది కాస్త దూరం పోయి నిలబడి చూస్తుంది, వెంటనే లేస్తే తిరిగొస్తుంది. పిల్లలతో ఈ పడుకునే తీరు ఇంట్లో కార్పెట్ మీద ఒక ఆటలా నాలుగుసార్లు చేయించండి.

తిరగబడాల్సిన సందర్భాలు వేరు. తొందరేమీ లేకుండా, బుసలూ బెదిరింపులూ లేకుండా, తల ఎత్తి, చెవులు నిక్కించి, మీ మీదే చూపు పెట్టి వెంటాడుతూ వచ్చే ఎలుగు. రాత్రి టెంటులోకి వచ్చే ఎలుగు. ఇవి ఆహారంగా చూసి వచ్చేవి. ఇక్కడ పడుకుంటే ప్రాణం పోతుంది. స్ప్రే, రాయి, కర్ర, ట్రెకింగ్ పోల్, దొరికిందల్లా పెట్టి మొహం మీద, ముక్కు మీద కొట్టాలి, అందరూ కలిసి గట్టిగా అరవాలి. దాడి చేసింది నల్ల ఎలుగైతే సాధారణంగా ఇదే పద్ధతి. రెండింటినీ రంగును బట్టి గుర్తుపట్టకండి, గ్లేసియర్‌లో నల్ల ఎలుగులు గోధుమ రంగులో కూడా ఉంటాయి. గ్రిజ్లీకి ఎద్దుకున్నట్టు భుజాల మీద మూపురం ఉంటుంది, మొహం మధ్యలో లోపలికి వంగి ఉంటుంది, చెవులు పొట్టిగా గుండ్రంగా ఉంటాయి, ముందు గోళ్లు రెండు నుంచి నాలుగు అంగుళాలు. నల్ల ఎలుగుకు మూపురం ఉండదు, ముక్కు తిన్నగా, చెవులు నిడుపుగా ఉంటాయి.

ఎవరికైనా గాయమైతే రక్తం కారే చోట గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకోండి, 911కి కబురు చేయండి. పార్కులో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు, శాటిలైట్ మెసెంజర్ ఒకటి అద్దెకు తెచ్చుకుంటే పెద్దవాళ్ల ఆరోగ్యానికి కూడా ధీమా.

టెంటు రాత్రుల సంగతి. ఎలుగు లెక్కలో తిండి అంటే వాసన వచ్చేదంతా. పులిహోర, ఆవకాయ, నెయ్యి, చెగోడీలు ఒక్కటే కాదు. టూత్‌పేస్టు, సబ్బు, కొబ్బరి నూనె, అమృతాంజనం, సన్‌స్క్రీన్, పిల్లల సిప్పర్‌లో మిగిలిన పాలు, వాడిన డైపర్, ఖాళీ కూలర్, కడిగిన గిన్నెలు కూడా అందులోకే వస్తాయి. వాడనప్పుడు ఇవన్నీ తలుపులు తాళం వేసి, అద్దాలు పూర్తిగా మూసిన కారులోనో, క్యాంప్‌గ్రౌండ్‌లో ఇచ్చే ఇనుప పెట్టెలోనో ఉండాలి. ‘ఐదు నిమిషాల్లో వచ్చేస్తాం’ అని బల్ల మీద కుక్కర్ వదిలి బాత్రూముకు వెళ్లడం కూడా ఉల్లంఘనే, రేంజర్లు జరిమానా వేస్తారు. తాలింపు వాసన ఆపలేరు, దానికి భయపడి వంట మానక్కర్లేదు. మిగిలినదాన్ని వదలకపోవడమే ముఖ్యం. అన్నం వార్చిన గంజి, గిన్నెలు కడిగిన నీళ్లు పొదల్లో పారబోయకండి, మెతుకులు వడకట్టి చెత్త సంచీలో వేసి, నీళ్లను క్యాంప్‌గ్రౌండ్‌లో చూపించిన చోటే పోయండి. పోపు వేసేటప్పుడు తొడుక్కున్న చొక్కాతో టెంటులో పడుకోకండి, మార్చుకుని దాన్ని కారులో పెట్టండి. రాత్రి పిల్లవాడికి ఆకలేస్తుందని దిండు కింద బిస్కెట్ ప్యాకెట్ పెట్టే అలవాటు ఈ రెండు రాత్రులు మానాలి.

కారు వెళ్లని లోపలి క్యాంపుల్లో పడుకోవాలంటే పర్మిట్ కావాలి. వంటకు వేరే చోటు, పడకకు వేరే చోటు కేటాయించి ఉంటుంది. తిండి సంచిని తాడుతో నేలకు కనీసం 10 అడుగుల ఎత్తున, పక్క స్తంభానికి 4 అడుగుల ఎడంగా వేలాడదీయాలి. మొదటిసారి పిల్లలతో అది వద్దు, కారు పక్కన పెట్టుకునే క్యాంప్‌గ్రౌండే మీకు సరిపోతుంది. ట్రయిల్ మీద భోజనానికి దట్టమైన పొదల్లో కూర్చోకండి, నాలుగు వైపులా దూరం కనిపించే బండల మీద కూర్చోండి. అరటి తొక్క కూడా తిరిగి తెచ్చుకోవాలి. ఎలుగు వస్తే తిండి పారేసి పారిపోదాం అనుకోవద్దు. బ్యాగు విసిరితే ఆ ఎలుగుకు మనిషిని బెదిరిస్తే తిండి దొరుకుతుందని మీరే పాఠం చెప్పినట్టు, వీపు మీది కవచమూ పోతుంది.

మీ ప్లాన్ మీద నా అభిప్రాయం: ఐస్‌బర్గ్ లేక్ రానూపోనూ 10 మైళ్లకు కాస్త తక్కువ, హైలైన్ లోగన్ పాస్ నుంచి ‘లూప్’ అనే రోడ్డు మలుపు దాకా 12 మైళ్లకు దగ్గర. ఏడేళ్ల పిల్లవాడికీ, ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లకూ రెండూ ఎక్కువే. అలసిన గుంపే చీలిపోతుంది, అలసిన మనిషే అరవడం మానేస్తాడు. హైలైన్‌లో మొదటి మైలు, మైలున్నర నడిచి వెనక్కి వచ్చినా చూడాల్సిన అందం చాలా వరకు కనిపిస్తుంది. అయితే మొదట్లోనే లోయ అంచున ఇరుకు దారి, పట్టుకోవడానికి గోడకు తాడు ఉంటుంది, కళ్లు తిరిగేవాళ్లను తీసుకెళ్లవద్దు. అమ్మానాన్నలకు ట్రయిల్ ఆఫ్ ది సీడర్స్ హాయిగా ఉంటుంది, మైలు లోపే, చదునైన దారి, ఎప్పుడూ జనం ఉంటారు. ఓపికుంటే అక్కడి నుంచే అవలాంచ్ లేక్‌కు ఎక్కొచ్చు. అక్కడ కూడా ఎలుగులు తిరుగుతాయి, స్ప్రే కారులో వదలకండి.

ఎలుగును చూస్తే ఎంత దూరంలో ఉన్నా రేంజర్లకు చెప్పండి: ఏ ట్రయిల్, ఎన్ని గంటలకు, పిల్లలున్నాయా, ఏం చేస్తోంది. మర్నాటి బోర్డులు ఇలాంటి కబుర్లను బట్టే కడతారు. ప్రయాణం అయ్యాక వాడని స్ప్రే డబ్బాలను ఎయిర్‌పోర్టు చెత్తబుట్టలో పడేయకండి. అద్దెవి షాపులో తిరిగిచ్చేయండి, కొన్నవి హోటల్‌లోనో క్యాంపులోనో అప్పుడే దిగుతున్న మరో కుటుంబానికి ఎక్స్‌పైరీ తేదీ చూపించి ఇచ్చేయండి.